అర్ధశాస్త్రం

కౌటిల్యుడు రాసింది అర్థశాస్త్రం. కోట కట్టడం, గూఢచారుల్ని పెట్టడం, ఏనుగుల్ని పట్టడం, దొంగ తూకాలు పట్టుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. హైదరాబాద్ నాచారంలో డబుల్ బెడ్‌రూం ఇల్లు కిరాయికి సంపాదించడం ఎలాగో మాత్రం లేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ గ్రంథం.

పెద్దలు ఏ శాస్త్రం మొదలుపెట్టినా ముందు నాలుగు సంగతులు తేల్చుకునేవారు: విషయం, ప్రయోజనం, అధికారి, సంబంధం. మన విషయం అర నెల కిరాయి. ఇల్లు వెతుక్కునేవాడు, ఇల్లు చూపినవాడికి, ఇల్లు గలవాడి కళ్లెదుటో చాటుగానో సమర్పించుకునే సొమ్ము. ప్రయోజనం, వానాకాలం ముంచుకొచ్చే లోపు సామాను ఒక కప్పు కిందికి చేరడం. దీన్ని చదవడానికి అధికారి, వచ్చే ఒకటో తారీఖుకల్లా ఖాళీ చేయమని ఓనరుచేత చెప్పించుకున్నవాడు. ఇక సంబంధం. డబ్బు ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ సంబంధమేమిటన్నది ఎంత తవ్వినా దొరకలేదు. ఈ శాస్త్రంలో ఉన్న చిక్కంతా అక్కడే ఉంది.

క్షేత్ర నిర్ణయం

శాస్త్రానికి క్షేత్రం కావాలి గనక ఉప్పల్ రింగు రోడ్డు మొదలు చిలకానగర్, హబ్సిగూడ, నాచారం మీదుగా మల్లాపూర్ దాకా ఉన్న భూభాగాన్ని ఎంచుకున్నాం. ఇక్కడ ఇంటి కోసం తిరగనివాళ్లు తక్కువ. వరంగల్ రోడ్డు మీద హనుమకొండ, యాదగిరిగుట్ట బస్సులు జనాన్ని తెచ్చి ఉప్పల్లో దింపుతాయి. హబ్సిగూడలో పరిశోధనా సంస్థలు ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఆ పక్క తార్నాకలో ఐఐసీటీ. ఇటు నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు, ఈఎస్‌ఐ ఆసుపత్రి. ఉప్పల్లో జెన్‌ప్యాక్ట్. కాబట్టి జన్యువుల మీద పరిశోధన చేసే కుర్రాడు, బి షిఫ్టు ఫిట్టరు, నైట్ డ్యూటీ కాల్ సెంటర్ అమ్మాయి, ఆసుపత్రి నర్సు ఒకే ఆదివారం ఒకే ఇంటి మెట్లెక్కి దిగుతుంటారు. ఒకరు దిగుతుంటే ఇంకొకరికి దారివ్వాలి.

2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో నడవడం మొదలయ్యాక ఈ క్షేత్రంలో కొత్త కాలమానం ఒకటి పుట్టింది. దాని పేరు 'మెట్రోకి ఐదు నిమిషాలు'. సర్వే ఆఫీసు పక్క సందుకూ ఐదు నిమిషాలే, స్నేహపురి కాలనీకీ ఐదు నిమిషాలే, మల్లాపూర్ అవతల కొత్తగా స్లాబు పోసిన మూడంతస్తుల ఇంటికీ ఐదు నిమిషాలే. కాలం సాపేక్షమని ఐన్‌స్టీన్ లెక్కలు కట్టి చెప్పాడు. మన ఇళ్ల దళారీలు యాక్టివా మీద కూర్చుని చెబుతున్నారు.

ప్రమాణ ప్రకరణం

ఖాళీ ఇల్లు ఉందని తెలిసేది ఎలా? జ్ఞానానికి నైయాయికులు నాలుగు ప్రమాణాలు చెప్పారు. మొదటిది ప్రత్యక్షం. గేటుకు వేలాడే రేకు ముక్క, దాని మీద 'టు-లెట్', కింద ఫోన్ నంబరు. రెండోది అనుమానం. బాల్కనీలో ఆరేసిన బట్టలు లేవు, కిటికీకి కర్టెన్ లేదు, కరెంటు మీటరు తిరగడం లేదు, కాబట్టి ఇల్లు ఖాళీ. మూడోది ఉపమానం. పక్క పోర్షన్ ఎలా ఉందో ఇదీ అలాగే ఉంటుందని తోడల్లుడు చెప్పడం. నాలుగోది శబ్దం, అంటే ఆప్తవాక్యం: నమ్మదగినవాడు చెప్పిన మాట.

మొదటి మూడు ప్రమాణాలూ ఉచితం. నాలుగోదానికే డబ్బులు. కాబట్టి నాలుగోది నాలుగు డబ్బులు తేవాలంటే మొదటి మూడూ పనిచేయకూడదు. దళారీ వృత్తి రహస్యమంతా ఇదే.

రుజువు కావాలంటే హెచ్ఎంటీ నగర్‌లో ఏ కరెంటు స్తంభాన్నైనా చూడండి. ఒకదాని మీద ఒకటిగా అంటించిన కాగితాలు వేలు మందాన ఉంటాయి. పీజీ హాస్టల్, ట్యూషన్, పైల్స్ మందు, వాటి మధ్య '2 బీహెచ్‌కే ఫర్ ఫ్యామిలీ' అనే చీటీలు. ఓనరు పాపం తన కొడుకుచేత ప్రింటు తీయించి, కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో 'నో బ్రోకర్స్' అని రాసి, రెండు గీతలు కూడా కొట్టి అంటించి వెళతాడు. మర్నాడు ఆ స్తంభం దగ్గర ఒక బండి ఆగుతుంది. సెల్‌ఫోన్ బయటికొస్తుంది, ఫొటో తీయడం అవుతుంది. ఆ తర్వాత రెండు సంగతులు జరుగుతాయి. ఓనరు నంబరు ఉన్న అంచు చిరుగుతుంది, లేదా దాని మీద ఇంకో చీటీ పడుతుంది. సాయంత్రానికి అదే ఇల్లు, అదే కిరాయి, వేరే నంబరుతో మీ ఫోన్లో ప్రత్యక్షమవుతుంది. ఎర్ర స్కెచ్ పెన్ను భాగం మాత్రం ఫొటోలో ఉండదు.

దాన్నే సూత్రంగా చెప్పాలంటే: కనబడే ఇంటిని కనబడకుండా చేసి, కనబడని ఇంటిని చూపుట దళారీ ధర్మము. దీపం ఆర్పేసి అగ్గిపెట్టె అమ్మడమని భాష్యం.

అందుకే ఈ క్షేత్రంలో ఫోనెత్తగానే ఎవరూ హలో అనరు. 'ఓనరా, బ్రోకరా?' అనేదే మొదటి మాట. జవాబు కూడా స్థిరపడింది: 'ఓనర్ మనోడే సార్.'

దీక్షా ప్రకరణం

పూర్వం గురువు శిష్యుణ్ణి కొన్నాళ్లు తిప్పించుకుని గాని మంత్రం చెప్పేవాడు కాదు. ఇక్కడ మంత్రం ఇంటి అడ్రసు. 'లొకేషన్ పంపండి' అంటే వచ్చేది ఇంటి లొకేషన్ కాదు. ఒక ఫంక్షన్ హాలుదో, పెట్రోలు బంకుదో, మెట్రో పిల్లరుదో. 'ఆడికొచ్చి కాల్ చెయ్యండి సార్' అంటాడు. వెళతారు, ఎండలో పావుగంట నిలబడతారు. బండి వస్తుంది. 'నా ఎనకాలే రండి' అని ఇండికేటరు వేయకుండా సందులోకి తిరుగుతుంది. ఆ సందులోంచి ఇంకో సందు, అందులోంచి ఇంకోటి. దగ్గరి దారి ఒకటి ఉన్నా ఆ దారిన తీసుకెళ్లరు. మీరు దారి గుర్తుపెట్టుకుని సాయంత్రం భార్యతో కలిసి ఓనరు దగ్గరికి నేరుగా వెళితే మంత్రం వృథా అయినట్టే కదా.

దీక్షకు ముందు పాదకానుక ఒకటుంది. విజిటింగ్ చార్జీ అంటారు, సర్వీస్ చార్జీ అంటారు, కొన్ని చోట్ల రిజిస్ట్రేషన్ అంటారు. 300 కావచ్చు, 500 కావచ్చు. దానికి మూడు ఇళ్లు చూపిస్తారు. ఈ మూడు ఇళ్ల నిర్మాణం గురించి ప్రత్యేక గ్రంథమే రాయాలి. ఒకదానిలో వంటగది తలుపు తీస్తే బాత్రూం తలుపు మూయాలి. రెండోది నిన్ననే వేరేవాళ్లకు వెళ్లిపోయింది, 'జర లేటయింది సార్'. మూడోది బాగానే ఉంటుంది, దాని కిరాయి మాత్రం మీరు చెప్పినదాని కంటే నాలుగు వేలు ఎక్కువ. మూడోది చూపడానికే మొదటి రెండూ చూపారని గ్రహించడానికి తర్కశాస్త్రం అక్కర్లేదు.

నచ్చిందన్న ఛాయ మీ మొహంలో కనబడగానే శ్రుతి మారుతుంది. 'ఇంకో పార్టీ లైన్ల ఉంది సార్. ఇయ్యాల టోకెన్ కొడితే లాక్ చేస్త.' ఈ ఇంకో పార్టీని ఇంతవరకు ఎవరూ చూడలేదు. పరబ్రహ్మం లాగా నిరాకారం, సర్వవ్యాపి. ఉప్పల్లో ఉంటుంది, నాచారంలో ఉంటుంది, ఒకేసారి రామంతాపూర్‌లోనూ ఉంటుంది.

ప్రశ్నోత్తర ప్రకరణం

ఈ శాస్త్రంలో అసలు రుచి ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిలుద్దాం.

'ఫ్యామిలీయేనా సార్? ఎంతమంది ఉంటరు? ఊరి నుంచి పెద్దోళ్లు వచ్చిపోతుంటరా? నీళ్లు ఎక్కువ వాడొద్దంటరు ఓనర్. నాన్‌వెజ్ తింటరా? మేడమ్ జాబ్ చేస్తరా? సార్ ఏమనుకోకండి, మీరు ఏమిట్లోళ్లు? నాకేం లేదు, ఓనర్ జర పద్ధతోళ్లు.'

ఓనరు తన నోటితో అడగడానికి మొహమాటపడే ప్రశ్నలన్నీ ఇవే. బ్యాచిలర్లకు ఇవ్వను, మాంసం వండేవాళ్లకు ఇవ్వను, ఫలానా మతంవాళ్లకు, ఫలానా కులంవాళ్లకు ఇవ్వను అని గేటు మీద రాస్తే నలుగురూ చూస్తారు. దళారీ నోట అడిగిస్తే రాత ఉండదు, సాక్ష్యం ఉండదు. కాదన్నప్పుడు కూడా 'ఓనర్ వాళ్ల చుట్టాలకు ఇచ్చిండంట సార్' అని మెత్తగా ముగుస్తుంది. పేరు వినగానే ఇల్లు మాయమయ్యే అనుభవం ఈ నగరంలో ముస్లిం కుర్రాళ్లను అడిగితే చెబుతారు, దళిత కుటుంబాలను అడిగినా చెబుతారు. వాళ్లకు ఈ ప్రకరణంలో హాస్యమేమీ కనబడదు.

ఇప్పుడు పద్దు రాద్దాం. ఆ ప్రశ్నలవల్ల మేలు ఓనరుకు. జల్లెడ పట్టించుకున్నది ఓనరు. రోజూ ఇరవై ఫోన్లు ఎత్తే బాధ తప్పింది ఓనరుకు. తాళంచెవి ఎవరో ఒకరికిచ్చి కరీంనగర్లో నిశ్చింతగా కూర్చున్నది ఓనరు. డబ్బు కట్టింది మాత్రం జల్లెడలో పడ్డ గింజ. తన విచారణకు తానే ఫీజు కట్టే ముద్దాయి ఏ కోర్టులోనూ లేడు, ఉప్పల్లో ఉన్నాడు.

గణిత ప్రకరణం

ఇల్లు నెలకు 16,000 అనుకుందాం. ఒప్పందం 11 నెలలకు. పదకొండే ఎందుకంటే, ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతా ఏడాదికి ఒక నెల తగ్గించుకుంది. పదకొండు నెలల కిరాయి 1,76,000. దళారీకి అర నెల, 8,000. అంటే నాలుగున్నర శాతం పైచిలుకు. నెల మొత్తం అడిగేవారున్నారు, ముఖ్యంగా నగరం పడమటి వైపు. అది 16,000, తొమ్మిది శాతం పైచిలుకు.

ఇక్కడ శాస్త్రకారుడి ఒళ్లు గగుర్పొడిచింది. కౌటిల్యుడు వర్తకుల లాభానికి హద్దు గీశాడు: స్వదేశీ సరుకు మీద నూటికి 5, పరదేశీ సరుకు మీద నూటికి 10. ఉప్పల్ ఇల్లు స్వదేశీ సరుకు, అర నెల, ఐదు శాతం లోపే. పడమటి గచ్చిబౌలి ఇల్లు పరదేశీ సరుకు, నెల, పది శాతం లోపే. మన యాక్టివా వర్తకులు చదవకుండానే మౌర్యుల ధరల పట్టీని అక్షరాలా పాటిస్తున్నారన్నమాట! ఈ పరిశోధనకు ఉస్మానియావారు డాక్టరేటు ఇస్తారేమో అడగాలి, మన క్షేత్రానికి దగ్గరే.

కాకపోతే కౌటిల్యుడు ఆ లాభం ఇచ్చింది సరుకు కొని, మోసి, అమ్మేవాడికి. మనవాడు ఇల్లు కొనలేదు, మోయలేదు. సున్నం కూడా వేయించలేదు.

ఇంకో లెక్క చూడండి. బేరమాడి కిరాయిని 16 నుంచి 15 వేలకు దింపితే మీకు పదకొండు నెలల్లో 11,000 మిగులుతుంది. దళారీకి 500 తగ్గుతుంది. మీరు డబ్బిచ్చి పెట్టుకున్న మనిషికి మీ కిరాయి ఎంత పెరిగితే అంత లాభం. 'నేను మాట్లాడత సార్, మీరు ఊకోండి' అని అతను ఓనరును పక్కకు తీసుకెళ్లినప్పుడు ఈ 500 గుర్తుంచుకోండి.

ఈ పద్దు పక్కన రెండు నెలల అడ్వాన్సు, మొదటి నెల కిరాయి కూడా పెట్టండి. సామాను ఎత్తకముందే 56,000 అవుతుంది. ఆటో ట్రాలీ, గ్యాసు మార్పిడి, పాలు పొంగించడం వేరు.

న్యాయ ప్రకరణం

దళారీకి ఇల్లెలా తెలుస్తుంది? అంధపంగు న్యాయం. కుంటివాడికి దారి కనబడుతుంది, నడవలేడు. గుడ్డివాడు నడవగలడు, దారి కనబడదు. ఏ ఫ్లాటు ఎప్పుడు ఖాళీ అవుతుందో వాచ్‌మన్‌కు తెలుసు, గేటు వదిలి కదల్లేడు. దళారీ ఊరంతా తిరుగుతాడు, ఏ ఫ్లాటు ఖాళీయో తెలియదు. ఒకడి భుజాన ఒకడు ఎక్కుతారు. అందుకే అర నెలలోనూ కొంత గేటు దగ్గరే దిగిపోతుంది. వాచ్‌మన్ జీతం ఎంతో తెలిసినవాళ్లెవరూ దీన్ని తప్పుపట్టరు.

ఇద్దరి దగ్గరా తీసుకునే దళారీది దేహళీదత్త దీప న్యాయం. గడప మీద పెట్టిన దీపం లోపలికీ వెలుగిస్తుంది, బయటికీ వెలుగిస్తుంది. లోపలివాడు తానొక్కడే ఇచ్చాననుకుంటాడు, బయటివాడు తానొక్కడే ఇచ్చాననుకుంటాడు. 'ఓనర్ ముంగట పైసల మాట తియ్యకండి సార్' అనే హితబోధకు మూలం ఇదే.

పూర్వపక్షం

'అయ్యా, దళారీ మాత్రం బతకొద్దా? పెట్రోలు ఎవరు పోస్తారు? రోజుకు ఐదుగురికి చూపిస్తే నెలకు ఇద్దరు తీసుకుంటారు' అని ఆక్షేపణ. న్యాయమైన ఆక్షేపణే. ఆదివారం మధ్యాహ్నం మే ఎండలో ఎవరి కోసమో మూడంతస్తులు ఎక్కి దిగడం పని కాదని ఈ శాస్త్రకారుడు అనడు. ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఏ సందులో నీళ్లొస్తాయో, ఏ సందులో వానకు మోకాలిలోతు నిలుస్తాయో చెప్పే నిజాయితీ గల దళారీ దొరికితే అర నెల ఇచ్చినా తక్కువే. అలాంటివాళ్లు ఉన్నారు. ప్రశ్న కూలి ఇవ్వాలా వద్దా అన్నది కాదు, ఎవరివ్వాలన్నది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 182వ సెక్షన్ ప్రకారం ఏజెంటంటే ఒకరి తరఫున పని చేయడానికి నియమితుడైనవాడు. మన దళారీని నియమించిందెవరు? ఓనరు పిలిస్తే ఓనరు ఏజెంటు. ఓనరు పిలవకుండా స్తంభం మీది చీటీ చూసి వచ్చినవాడైతే ఎవరి ఏజెంటూ కాడు. కిరాయిదారు పనిగట్టుకుని 'నాకొక ఇల్లు వెతికిపెట్టు' అంటే తప్ప కిరాయిదారు ఏజెంటు కాలేడు. 219వ సెక్షన్ ఇంకా బాగుంటుంది: వేరే ఒప్పందం లేకపోతే, పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు ప్రతిఫలం బాకీ పడదు. చూపినందుకు 500 అడగడానికి ముందు ఈ సెక్షన్ దాటాలి.

రాజశాసన ప్రకరణం

ప్రభుత్వమే ఒకప్పుడు ఈ వ్యాపారంలో చేయి పెట్టిందంటే నమ్ముతారా? మన 1960 నాటి ఇళ్ల కిరాయి నియంత్రణ చట్టం మూడో సెక్షన్ చదవండి. ఇల్లు ఖాళీ అయితే ఓనరు పది రోజుల్లోగా అధీకృత అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. సర్కారు కావాలనుకుంటే తన అవసరాలకు తీసుకుంటుంది. అంటే ఖాళీల జాబితా సర్కారు చేతిలో! కమీషన్ తీసుకోలేదు గనకనే కాబోలు, ఆ దుకాణం నడవలేదు. పైగా 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయిలను ఆ చట్టం నుంచి మినహాయించారు. ఉప్పల్ 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది. ఇవాళ 3,500కు ఉప్పల్లో దొరికేది హాస్టల్లో మంచం, అదీ భోజనం లేకుండా. చట్టం పుస్తకంలో క్షేమంగా ఉంది, అది వర్తించే ఇల్లే కరువు.

2016లో స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా వచ్చింది, ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలంది. అయితే ఆ చట్టం దృష్టిలో ఏజెంటంటే అమ్మకాలు కుదిర్చేవాడు. కిరాయి కుదిర్చేవాడు దాని కంట పడడు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా కిరాయి చట్టం, నివాసపు ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలకు మించరాదంది. దళారీ సొమ్ము ఎవరి జేబులోంచి రావాలన్న సంగతి జోలికి పోలేదు.

దేశాంతరాల్లో ఈ చిక్కు విప్పారు. జర్మనీ 2015 జూన్ 1 నుంచి కిరాయి ఇళ్ల విషయంలో పిలిచినవాడే ఇవ్వాలని తేల్చింది. ఇంగ్లండు 2019 జూన్ 1 నుంచి కిరాయిదారు దగ్గర ఏజెంటు ఫీజులు వసూలు చేయడాన్ని నిషేధించింది. న్యూయార్కులో ఏడాది కిరాయిలో 15 శాతం దాకా గుంజేవాళ్లు, కౌటిల్యుడి పరదేశీ రేటును కూడా మించి. 2025 జూన్‌లో అక్కడా, దళారీని పెట్టుకున్న ఓనరే భరించాలన్న చట్టం అమలుకొచ్చింది. నాచారంలో ఇల్లు కట్టి కొడుకు దగ్గరికి లండన్ వెళ్లే తల్లిదండ్రులున్నారు. అక్కడ కొడుకు ఏజెంటుకు పైసా ఇవ్వకుండా ఫ్లాటులో దిగుతాడు. ఇక్కడ వాళ్ల కింది పోర్షన్‌లో దిగే కుర్రాడు అర నెల ఇచ్చి దిగుతాడు. పండక్కి ఇద్దరూ వీడియో కాల్‌లో పలకరించుకుంటారు కూడా.

'ఓనరు మీద వేస్తే ఓనరు కిరాయిలో కలిపేస్తాడు' అని చివరి ఆక్షేపణ. కలపనీ. అప్పుడది నెలనెలా కనబడే అంకె అవుతుంది, ఒక్కసారిగా మీద పడే 8,000 కాదు. పక్కింటాయన కలపకపోతే ఈయన బోర్డు అలాగే వేలాడుతుంది. పైగా తన జేబులోంచి పోతుందంటే బేరమాడటంలో ఉప్పల్ ఓనరును మించినవాడు లేడు. అర నెల పావు నెల కావడానికి ఒక్క ఆదివారం చాలు.

సిద్ధాంతం: పిలిచినవాడే ఇవ్వాలి. ఎవరూ పిలవకపోతే ఎవరూ ఇవ్వనక్కర్లేదు.

ఈ సిద్ధాంతం చట్టమయ్యే లోపు ఇల్లు మారాల్సినవాళ్లకు ఒక మాట. చూపినందుకు డబ్బులడిగితే ఇవ్వకండి. ఓనరుతో మీరు నేరుగా మాట్లాడకుండా టోకెన్ కొట్టకండి. ఇచ్చేదేదో అగ్రిమెంటు మీద ఓనరు సంతకం పడ్డాక ఇవ్వండి. నగదు కాకుండా ఫోన్‌లో పంపండి, దేనికి పంపుతున్నారో అక్కడే రాయండి. పంపేముందు, ఓనరు వింటుండగానే 'మీ దగ్గర కూడా డబ్బు తీసుకున్నాడా అండీ?' అని అడిగి చూడండి.